మిర్చి యార్డు దగ్గరి బడిలో కొత్త లెక్కల టీచరుకు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. గుంటూరు మిర్చి యార్డుకు దగ్గరలోని ఉన్నత పాఠశాలలో లెక్కల స్కూల్ అసిస్టెంటుగా కొత్తగా చేరారు. ఎనిమిది, తొమ్మిది తరగతులు చూస్తున్నారు. హమాలీల పిల్లలు, ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు, పల్నాడు తండాల నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న పిల్లలు ఉన్నారు. సంక్రాంతి దాటాక మిరప కోతలకు వచ్చే కుటుంబాల పిల్లలు కూడా చేరతారు. స్కూల్ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల టీచర్ల) సమావేశంలో పిల్లల సంస్కృతికి స్పందించే బోధన చేయాలన్నారు. దాని కింద పండుగల చార్టులు, వేషధారణ, ఏడాదికొక సాంస్కృతిక దినం చెప్పారు. ఇందులో లెక్కల టీచరుకు పనేముంది, ఇదంతా చేస్తే సిలబస్ ఎప్పటికి పూర్తవుతుంది అన్నవి మీ సందేహాలు.

గుంటూరు, పల్నాడు బడుల్లో లెక్కలు చెప్పి రిటైరైన వాడిని. అందుకని లెక్కల వైపు నుంచే చెబుతాను.

చార్టుల సంగతి ముందు తేల్చేద్దాం. అతికించండి, తప్పు లేదు. దాన్ని బోధన అని మాత్రం అనుకోకండి. లంబాడీ అమ్మాయికి అద్దాల పావడా కట్టించి, స్టేజి మీద నిలబెట్టి, ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టి, మర్నాడు లెక్కల పీరియడ్‌లో అదే అమ్మాయిని చివరి బెంచీలో వదిలేసిన బడులు చూశాను. ఆ పిల్లకు ఆ బడి ఏం స్పందించినట్టు? పండుగ రోజు గుర్తుకొచ్చిన ఇల్లు భిన్నాల పాఠం రోజు గుర్తుకు రాలేదు. సాంస్కృతిక దినం జరపక తప్పదంటే ఒక పూటలో ముగించి, మిగిలిన శక్తిని పీరియడ్ల కోసం దాచుకోండి.

ఈ ఆలోచన పుట్టినచోట కూడా వేషధారణ గురించి కాదు. అమెరికాలో గ్లోరియా లాడ్సన్-బిల్లింగ్స్ అనే విద్యావేత్త, నల్లజాతి పిల్లలకు బాగా చదువు చెప్పగలిగిన టీచర్లు ఏం చేస్తున్నారో దగ్గరుండి పరిశీలించి 1995లో ఒక సిద్ధాంతంగా రాశారు. అందులో మూడు మాటలున్నాయి. పిల్లలు చదువులో నెగ్గాలి. నెగ్గడానికి తమ ఇంటిని, తమవారిని వదులుకోవలసిన అవసరం రాకూడదు. చుట్టూ ఉన్న అన్యాయాన్ని గుర్తించి ప్రశ్నించగలగాలి. మొదటిది చదువులో నెగ్గడమే అన్నది గమనించండి. మన సమావేశాల్లో మొదటిది, మూడోది రాలిపోయి, రెండోదానిలో కూడా పావడా ఒక్కటే మిగిలింది. 2000లో జెనీవా గే రాసిన పుస్తకంతో ఈ బోధనా పద్ధతి పేరు విస్తృతంగా వ్యాప్తిలోకి వచ్చింది. నాకు అన్నిటికన్నా పనికొచ్చింది మాత్రం 1992లో లూయీ మోల్, ఆయన సహచరులు అరిజోనా రాష్ట్రం ట్యూసన్‌లో చేసిన పని గురించిన వ్యాసం. అక్కడ టీచర్లు మెక్సికన్ మూలాలున్న శ్రామికుల ఇళ్లకు వెళ్లారు. వాళ్లు సలహాలిచ్చేందుకు వెళ్లలేదు, నేర్చుకునేందుకు వెళ్లారు. వ్యవసాయం, ఇంటి మరమ్మతు, వర్తకం, మూలికా వైద్యం, ఇలా ఆ ఇళ్లలో ఉన్న పరిజ్ఞానాన్ని రాసుకుని, దాని మీద పాఠాలు కట్టుకున్నారు.

లెక్కల్లో దీనికి గట్టి ఆధారం ఉంది. బ్రెజిల్‌లోని రెసిఫె నగరంలో వీధుల్లో కొబ్బరికాయలు, పండ్లు అమ్మే పిల్లలను పరిశోధకులు కొనుగోలుదారుల్లా వెళ్లి బేరమాడి లెక్కలు అడిగారు. 1985లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. బేరంలో అడిగిన లెక్కలకు 98 శాతం సరైన జవాబులు చెప్పిన పిల్లలే, అవే లెక్కలను కాగితం మీద కూడికలు, గుణకారాలుగా ఇస్తే 37 శాతం దగ్గర ఆగిపోయారు. కాయ 35 చొప్పున పది కాయలు ఎంత అంటే పన్నెండేళ్ల పిల్లవాడు 35 పక్కన సున్నా పెట్టలేదు. మూడు కాయలు 105, ఇంకో మూడు కలిపితే 210, ఇంకా నాలుగు కావాలి అంటూ 350కి చేరాడు. వాడికి లెక్క రాదని ఏ నోటితో అంటాం? అలాగని వాడి పద్ధతితో బీజగణితం దాకా పోలేం. ఇంటి లెక్కను ఆకాశానికెత్తి అక్కడే వదిలేసే టీచరు, ఇంటి లెక్కను లెక్కచేయని టీచరు, ఇద్దరూ ఆ పిల్లవాడిని ఒకే చోట నిలబెడుతున్నారు.

ఇప్పుడు మీ తరగతిలోకి వద్దాం. ఎనిమిదో తరగతి వడ్డీ పాఠం తీసుకోండి. పుస్తకం సంవత్సరానికి 12 శాతం అంటుంది. మీ పిల్లల ఇళ్లలో శాతం మాట వినిపించదు. రూపాయి వడ్డీ, రెండు రూపాయల వడ్డీ, ముప్పావలా వడ్డీ, ఇవే వినిపిస్తాయి. నూటికి నెలకు ఎంత అన్నది అక్కడి కొలత. రెండు రూపాయల వడ్డీకి యాభై వేలు తెస్తే నెలకు వెయ్యి అని ఎనిమిదో తరగతి పిల్ల కాగితం లేకుండా చెబుతుంది. అదే పిల్ల పరీక్షలో సూత్రం రాసి, వడ్డీరేటు దగ్గర 2, కాలం దగ్గర 1 వేసి, ఏడాదికి వెయ్యి రూపాయలని తేలుస్తుంది. మనం ఎర్ర సిరాతో కొట్టేస్తాం. అక్కడ సూత్రం సరిగానే ఉంది, గుణకారమూ సరిగానే ఉంది. నెల లెక్క, ఏడాది లెక్క ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఆ సంగతి ఎవరూ చెప్పకపోతే ఆ పిల్ల తనకు లెక్కలు రావనుకుంటుంది.

కాబట్టి పాఠం మొదటి రోజు సూత్రం జోలికి వెళ్లకండి. బోర్డు మీద రెండు నిలువు వరుసలు గీయండి. ఎడమ వైపు ఊళ్లో మాట, కుడి వైపు పుస్తకం మాట. పావలా వడ్డీ అంటే నూటికి నెలకు 25 పైసలు, ఏడాదికి 3 శాతం. డ్వాక్రా మహిళలకు ప్రభుత్వం పావలా వడ్డీ అన్నది ఇదేనని చెప్పండి, తల్లులకు తెలిసిన మాట అది. ముప్పావలా అంటే 9 శాతం. రూపాయి అంటే 12. రెండు రూపాయలంటే 24. ఐదు రూపాయలంటే 60. ఈ పట్టికను పిల్లల చేతే నింపించండి. పది నిమిషాల్లో అయిపోతుంది. ఆ తర్వాత సూత్రం రాయండి, రేటు ఎప్పుడూ కుడి వరుసలోంచే తీసుకోవాలని చెప్పండి. అప్పుడు యాభై వేలకు ఏడాదికి పన్నెండు వేలు వస్తుంది, నెలకు వెయ్యి చొప్పున పన్నెండు నెలలు చూసుకున్నా అంతే వస్తుంది. రెండు దారులూ ఒక చోట కలిసినప్పుడు తరగతిలో వచ్చే కలకలాన్ని ఆపకండి.

రెండో రోజు కొంచెం ముందుకు వెళ్లండి. రోజువారీ వసూలు అప్పులు మీ వీధుల్లో మామూలు విషయం. పదివేల అప్పుకు పదిహేను వందలు ముందే పట్టుకుని చేతికి ఎనిమిది వేల ఐదు వందలు ఇస్తారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. ఇందులో వడ్డీ ఎంత? నూటికి పదిహేనే కదా అంటారు పిల్లలు. చేతికొచ్చింది 8,500 కాబట్టి 1,500ను దానితో భాగించాలి, 17.6 శాతం దాటుతుంది. అదీ వంద రోజులకే. ఏడాదికి లెక్కిస్తే 64 శాతం. ఇంకా ఉంది: అసలు రోజూ కొంత తీరిపోతోంది, కాబట్టి 8,500 పూర్తిగా మన చేతిలో ఉన్నది మొదటి రోజు ఒక్కటే. ఆ సంగతి కూడా లెక్కలోకి తీసుకుంటే రేటు దాదాపు రెండింతలై, పది రూపాయల వడ్డీ దగ్గరికి వెళుతుంది. ఈ చివరి మెట్టును ఎనిమిదో తరగతి వాళ్లు పూర్తిగా చేయలేరు, చేయనక్కరలేదు. యాభయ్యో రోజున ఇంకా ఎంత అసలు బాకీ ఉందో ఉజ్జాయింపుగా చెప్పమంటే చాలు, విషయం అర్థమైపోతుంది. లాడ్సన్-బిల్లింగ్స్ చెప్పిన మూడో మాట ఇదే. దానికి ప్రత్యేకంగా ఉపన్యాసం అక్కరలేదు, భాగహారం చాలు.

ఇక్కడ ఒక హెచ్చరిక, అమ్మా. ఎవరింట్లో అప్పుంది, ఎంతకు తెచ్చారు అని తరగతిలో అడగకండి. చెయ్యెత్తమనడం కూడా వద్దు. వీధిలో ఏయే రేట్లు వింటారు అని అడగండి, పిల్లలే చెబుతారు. ఎవరి ఇంటిదో తెలియవలసిన పని లేదు. ఇంటి జ్ఞానం తరగతిలోకి రావాలి, ఇంటి గుట్టు రాకూడదు. ఈ తేడా పాటించని స్థానిక ఉదాహరణలకన్నా పుస్తకంలోని నీరసమైన ఉదాహరణలే నయం.

వైశాల్యం పాఠానికి సెంటు ఉంది. మన దగ్గర స్థలం మాట వచ్చిందంటే సెంట్లు, గజాలే. పేదలకిచ్చిన ఇళ్ల పట్టాలు కూడా పట్టణంలో సెంటు, పల్లెలో సెంటున్నర లెక్కన వచ్చాయి. సెంటు అంటే ఎకరంలో నూరో వంతు, 48.4 చదరపు గజాలు, 435.6 చదరపు అడుగులు. బడి ఆవరణలో 22 అడుగుల పొడవు, 19.8 అడుగుల వెడల్పు ముగ్గుపిండితో గీయించండి, సరిగ్గా సెంటు వస్తుంది. అందులో వంటగది, పడక, మరుగుదొడ్డి, మెట్లు ఎలా పెడతారో గుంపులుగా గీయమనండి. చదరపు మీటర్లలోకి మార్చమనండి, నలభైన్నరకు కొంచెం తక్కువ వస్తుంది. అదే సెంటుకు వేరే కొలతలు ఏముండవచ్చో వెతకమనండి. పొడవు పెరిగితే వెడల్పు ఎంత తగ్గాలి, ఏ ఆకారంలో ప్రహరీగోడ ఖర్చు తక్కువ? ఈ ప్రశ్నతో తొమ్మిదో తరగతిలో రెండు పీరియడ్లు గడిచిపోతాయి. తాపీమేస్త్రి పిల్లవాడు ఉంటే ఆ రోజు అతను చెప్పేది మీరూ వినండి, గోడ మందం మీరు మరిచిపోయి ఉంటారు.

శాతాలకు, నిష్పత్తులకు యార్డే ఉంది. టిక్కీ (మిర్చి బస్తా) బరువు, గోతం తరుగు, కమీషన్, హమాలీ ఖర్చు, ఇవన్నీ అమ్మకం అయ్యాక రైతుకిచ్చే లెక్క చీటీ తక్‌పట్టీలో ఉంటాయి. పేరు కొట్టేసిన పాతదొకటి సంపాదించి బోర్డు మీద రాస్తే శాతాల పాఠం సగం అయినట్టే. కూలీల జట్టులో, అంటే ముఠాలో, పూట పని చేసినవాడికి అర వాటా ఎలా పంచుతారో హమాలీల పిల్లలకు తెలుసు, నిష్పత్తి అన్న మాట మాత్రమే తెలియదు. దీన్ని ఇంకా వివరించను, మీరే కట్టుకోగలరు.

భాష దగ్గరికి వస్తే చిక్కు ఎక్కువ. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ సాధ్యమైనంత వరకు బోధన పిల్లల మాతృభాషలో ఉండాలంటుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక తరగతులకు అలాంటి ప్రయత్నం మొదలైంది, వాటిలో బంజారా, అంటే మన లంబాడీ, ఒకటి. మీ ఉన్నత పాఠశాలలో ఆ వెసులుబాటు లేదు. మన పాఠ్యపుస్తకాలు ఇప్పుడు ఒక పేజీ ఇంగ్లిషు, ఎదురు పేజీ తెలుగు. తెలుగింటి పిల్లలకు అది ఆసరా. ఉర్దూ, లంబాడీ మాట్లాడే ఇళ్ల పిల్లలకు రెండు పేజీలూ పరాయివే. మీరు ఆ భాషలు నేర్చుకోలేకపోవచ్చు. కానీ ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి లెక్క చేయించేటప్పుడు వాళ్లు ఏ భాషలో మాట్లాడుకుంటారన్నది మీకు పట్టింపు కాకూడదు. ఉర్దూ ఇంటి పిల్లలు జమా, తఫ్రీఖ్, జర్బ్, తఖ్సీమ్ (కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం) అంటూ లెక్క తేల్చి, ఆ తర్వాత తెలుగులోనో ఇంగ్లిషులోనో బోర్డు మీద చెప్పనివ్వండి. ఆలోచన ఏ భాషలో నడిచినా, రాసేది మాత్రం పరీక్ష భాషలో రాయించండి. ఈ రెండో భాగాన్ని జాలిపడి వదిలేయకండి, మార్కులు పోయేది అక్కడే.

యాసను వెక్కిరించడం గురించి మొదటి వారంలోనే కచ్చితంగా ఉండండి. కర్నూలు జిల్లా ఆదోని, కోసిగి వైపు నుంచి వచ్చిన పిల్లవాడు కన్నడం కలిసిన తెలుగులో జవాబు చెబితే మన పట్నం పిల్లలు నవ్వుతారు. ఒకసారి నవ్వితే ఆ పిల్లవాడు మళ్లీ నోరు తెరవడు. నవ్విన వాళ్లను తిట్టడం వల్ల ఉపయోగం తక్కువ. అతను చెప్పిన జవాబును అతని మాటల్లోనే బోర్డు మీద రాసి, దాని కింద పుస్తక భాషలో రాసి, రెండూ సరైనవేనని చెప్పి ముందుకు పోండి. నాలుగైదు సార్లు అలా చేస్తే నవ్వు తగ్గుతుంది.

పిల్లల సంస్కృతి తెలుసుకోమన్నారు కదా అని పేరు చూసి ఊహించుకోకండి. మన గుంటూరులో ఇది మరీ ప్రమాదం. కాలే మస్తాన్ దర్గా మీద నమ్మకంతో హిందువులు కూడా పిల్లలకు మస్తాన్ రావు, మస్తానమ్మ అని పేర్లు పెట్టుకుంటారు. మస్తాన్ అన్న పేరు చూసి రంజాన్ గురించి చెప్పు బాబూ అని లేపితే ఆ పిల్లవాడు బిక్కమొహం వేస్తాడు. నిజంగా ముస్లిం అయిన పిల్లవాడినైనా ఎందుకు లేపాలి? ఏ పిల్లవాడినీ తన మతానికో కులానికో ప్రతినిధిగా నిలబెట్టకూడదు. రంజాన్ నెలలో మీరు చేయవలసింది వేరే ఉంది. ఉపవాసం ఉన్న పిల్లలకు మధ్యాహ్న భోజనం వేళ కూర్చునే చోటు చూపించడం, ఆ పూట ఆటల పీరియడ్‌లో పరుగులు పెట్టించవద్దని ఆటల టీచరు పీఈటీకి చెప్పడం, యూనిట్ పరీక్ష వీలైతే ఉదయం పెట్టడం. ఇవి ఎవరి ఫొటోలోనూ పడవు.

చర్చి సంగతి ఇంకా సున్నితం. గుంటూరులో లూథరన్ మిషన్ 1842 నుంచి ఉంది. ఇక్కడి దళితవాడల్లో చాలామంది చదువు ఆ మిషన్ బడుల్లోనే మొదలైంది. ఇప్పటికీ చాలా ఇళ్లలో ఆదివారం పిలుపు ఒకటి, రికార్డులో పేరు ఇంకొకటి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను మతంతో ముడిపెట్టింది, క్రైస్తవులైతే ఆ హోదా ఉండదు. అందువల్ల మీరు ఏ చర్చికి వెళతారు అని టీచరు సరదాగా అడిగిన మాట ఆ ఇంటికి సరదాగా వినిపించదు. అడగకండి. కాగితాల్లో ఏముందో కార్యాలయం చూసుకుంటుంది, మీకు లెక్కల పుస్తకం చాలు.

స్టూవర్టుపురం నుంచి వచ్చిన ఎరుకల పిల్లలు మీకు తగలవచ్చు. ఊరి పేరు వినగానే స్టాఫ్ రూములో వచ్చే జోకులు మీకు ముందే తెలుసు. ఒక జాతి జాతినే నేరస్థులుగా ముద్ర వేసిన చట్టం బ్రిటిష్ వాళ్లు 1871లో తెచ్చారు, 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి విస్తరించారు. ఆ చట్టం కిందే, సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతుల్లో, నిఘా నివాసంగా నడిచిన సెటిల్‌మెంటు స్టూవర్టుపురం. చట్టం 1952లో రద్దయింది, జోకు ఇంకా రద్దు కాలేదు. ఆ జోకు మీ ముందు వచ్చినప్పుడు నవ్వకుండా ఉండటం మీ బోధనలో భాగమే. సోషల్ టీచరుతో స్నేహం ఉంటే తొమ్మిదో తరగతికి ఆ చట్టం చరిత్ర చెప్పించండి. ఫలానా పిల్లవాడి కోసమని మాత్రం తెలియకూడదు.

సోషల్ వాళ్లకు మనకన్నా సులువు. అడవిలో పశువులు మేపితే పన్ను కట్టాలన్న పుల్లరికి ఎదురుతిరిగిన కన్నెగంటి హనుమంతు పల్నాడు వాడే. పశువులు, గొర్రెలు కాసే ఇళ్ల పిల్లలకు సహాయ నిరాకరణోద్యమం అక్కడి నుంచి చెబితే గుర్తుంటుంది. తెలుగు టీచరుకు వినుకొండలో పుట్టిన కవి జాషువా ఉన్నారు, ఆయన కూడా గుంటూరులో పంతులు ఉద్యోగం చేసినవారే. విజయవాడ టీచర్లకు 2024 సెప్టెంబరు వరద ఉంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులు దాటిందంటే సెకనుకు మూడు కోట్ల ఇరవై లక్షల లీటర్లకు పైగా. అయినా విజయవాడలోని సింగ్ నగర్‌ను ముంచింది కృష్ణ కాదు, బుడమేరు వాగు. ఎందుకో మ్యాపు మీద చూపించడం మంచి భూగోళ పాఠం. ఆ నీళ్లలో రోజుల తరబడి ఇంటి పైకప్పు మీద గడిపిన పిల్లలుంటే ముందు వాళ్లు మాట్లాడాలనుకుంటున్నారో లేదో చూసుకోవాలి.

కోతల పిల్లల విషయం విడిగా చెప్పాలి. వాళ్లు జనవరి, ఫిబ్రవరిలో వచ్చి ఎండలు ముదిరాక వెళ్లిపోతారు. ఎనిమిదో తరగతి వరకు టీసీ రాలేదని, వయసు ధ్రువపత్రం లేదని, ప్రవేశాల గడువు దాటిందని చేర్చుకోకపోవడం విద్యాహక్కు చట్టానికి విరుద్ధం. హెడ్మాస్టరు తటపటాయిస్తే 5, 14, 15 సెక్షన్లు చూపించండి. చేర్చుకోవడం ఒక ఎత్తు, రెండు నెలలు ఏం చెప్పడం మరో ఎత్తు. అప్పటికి తరగతి చివరి పాఠాల్లో ఉంటుంది. ఈ పిల్లలను వెనక కూర్చోబెట్టి కాపీ రాయించడం అందరూ చేసేదే. దానికి బదులు కిలోల్లో, కూలీలో వాళ్లకున్న పట్టు నుంచి ఒక్క అంశం ఎంచుకోండి: దశాంశాలో, శాతాలో. కాటా మీద 38.6 కిలోలు చదవగలిగే పిల్లకు దశాంశ స్థానం చెప్పడం కష్టం కాదు. ఆ ఒక్కటి గట్టిగా నేర్పి, ఏం నేర్చుకుందో, ఎక్కడ ఆగిందో ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వండి. సొంతూరి టీచరుకు అది ఏ సర్టిఫికెట్ కన్నా ఎక్కువ ఉపయోగపడుతుంది. రెండు నెలల్లో సిలబస్ మొత్తం అందించాలని ప్రయత్నిస్తే ఆ పిల్లకూ ఏమీ అందదు, మీ తరగతీ ఆగిపోతుంది.

ఇక మీ అసలు భయం, సిలబస్, పదో తరగతి ఫలితాలు. ప్రతి పీరియడ్‌కూ స్థానిక ఉదాహరణ వెతకవద్దు. పాఠానికి ఒక్క ప్రవేశద్వారం చాలు. కొన్ని పాఠాలకు అదీ ఉండదు. ఘాతాంకాలను మిరపకాయల్లోకి ఈడ్చుకొచ్చిన ఒక మాదిరి పాఠాన్ని శిక్షణలో చూశాను. మిరపకాయలూ అర్థం కాలేదు, ఘాతాంకాలూ అర్థం కాలేదు. పైథాగరస్ సిద్ధాంతాన్ని తిన్నగా పైథాగరస్ సిద్ధాంతంగానే చెప్పండి. మన పిల్లలకు శుద్ధ గణితం రుచి అందదనుకోవడం కూడా ఒక రకం చిన్నచూపే. యార్డు కూలీల పిల్లలు కదా, బతుకు లెక్కలు వస్తే చాలు అనేవాళ్లు మీ స్టాఫ్ రూములోనే తగులుతారు. స్థానిక ఉదాహరణ పేరుతో లెక్క స్థాయి తగ్గిస్తే మీరూ ఆ మాటే అన్నట్టు. వడ్డీ పట్టికతో మొదలైన పాఠం చక్రవడ్డీ సూత్రంతో, పుస్తకంలోని అతి కష్టమైన లెక్కతో ముగియాలి. రెండు రూపాయల వడ్డీని నెలనెలా అసలులో కలుపుకుంటూ పోతే ఏడాదికి 24 కాదు, 26.8 శాతం అవుతుందని మీ పిల్లలు నిరూపించగలగాలి. సమయం విషయానికొస్తే, మొదటి రోజు పట్టికకు పెట్టిన పది నిమిషాలు తర్వాత పునశ్చరణలో తిరిగి వస్తాయి. మళ్లీ మళ్లీ చెప్పవలసిన అవసరం తగ్గుతుంది కాబట్టి.

ఇవన్నీ ఎలా తెలుసుకోవాలంటే, నోటు పుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరగకండి, ఏదో సర్వే అనుకుని భయపడతారు. సాయంత్రం బడి వదిలాక అరగంట యార్డు గేటు దగ్గర టీ తాగండి. తల్లిదండ్రుల సమావేశంలో పిల్లవాడి మార్కుల కన్నా ముందు, ఇంట్లో ఏ పనిలో చురుగ్గా ఉంటాడు అని అడగండి. పీర్ల పండుగకో క్రిస్మస్‌కో పిలిస్తే వెళ్లండి, పిలవకపోతే నొచ్చుకోకండి. లెక్కకు పనికొచ్చేది ఏదైనా కనిపిస్తే ఇంటికొచ్చాక రాసుకోండి. ఒక ఏడాదిలో అలాంటివి అయిదారు దొరికితే ఎక్కువే. వడ్డీ పాఠం మీ ప్రణాళికలో ఏ నెలలో ఉందో చూసుకుని, అంతకు వారం ముందు ఏదైనా బ్యాంకుకు వెళ్లి బంగారం రుణాల కరపత్రం ఒకటి తెచ్చుకోండి. దాని మీద ఏడాది శాతం ఉంటుంది, దాన్ని పైసల వడ్డీలోకి మార్చమని పిల్లలకు ఇవ్వవచ్చు. డ్వాక్రా సంఘం లీడరు ఎవరైనా తల్లుల్లో ఉంటే సంఘం పుస్తకంలో ఒక పేజీ అడగండి, పేర్లు వదిలేసి అంకెలు మాత్రమే రాసుకోండి.